చేతుల్లో వణుకు

ఆ షెడ్డులో ఫిర్యాదుల రిజిస్టరు రాసే గుమస్తా దస్తూరి ముత్యాలు పేర్చినట్టుంటుందని అందరూ అంటారు. ఉంటుంది, కాదనడానికి లేదు. కానీ ముత్యాలు పేర్చడానికి చోటు కావాలి కదా. రిజిస్టరులో ఒక్కో ఫిర్యాదుకి ఒక్కటే గీత. ఆ గీత దాటి రెండో గీతలోకి పోవడమంటే గుమస్తాకి ప్రాణం పోయినంత పని. అందుకని ఎవరేం చెప్పినా కత్తిరించి, కుదించి, గీతలో ఇరికించి, చివర్న ఓ చుక్క పెట్టి, చూసుకుని మురిసిపోతాడు. పదమూడేళ్ళుగా ఇదే వరస. కత్తిరించినప్పుడు ఏ ముక్క కింద పడిందో మాత్రం ఆ మహానుభావుడు ఏనాడూ వంగి చూసుకోలేదు.

ఆ సోమవారం సాయంత్రం డ్రైవరమ్మ బండి దిగి, ఒంటిమీద దుమ్మైనా దులుపుకోకుండా గుమస్తా కిటికీ దగ్గరికొచ్చి చెప్పిన మాట ఇదీ: "గతుకు తగిలితే చాలు, చేతుల్లో వణికిపోతోందండీ. నలభై దాటితే అసలు ఆగట్లేదు."

ఆయన రాసుకున్నది ఇదీ: "డ్రైవరుకు నలభై దాటినందున చేతుల్లో వణుకు, ఆగుట లేదు."

ఏం వణుకుతోందో ఆమె చెప్పలేదు, నిజమే. చెప్పాల్సిన పనేముంది? వంటింట్లోంచి పొంగుతోంది అని కేకేస్తే పాలని వేరే చెప్పాలా? బండి దిగొచ్చిన డ్రైవరు చేతుల్లో వణుకుతోందంటే అది స్టీరింగే. నలభై అంటే వేగమే. ఆ ముక్క షెడ్డులో టైరు కడిగేవాడికి కూడా తెలుసు. తెలియనిదల్లా రిజిస్టరు రాసే మనిషికే.

ఆమె నడిపే బండిని షెడ్డంతా దున్నపోతు అంటారు. టైర్లు ఆమె నడుం దాకా వస్తాయి, ఎక్కాలంటే మెట్టు మీద కాలు పెట్టి పైనున్న కడ్డీ పట్టుకుని లేవాలి. వారానికి ఐదు రోజులు నర్సునీ మందుల పెట్టెల్నీ ఎక్కించుకుని, రోడ్డన్నదే లేని కొండ ఊళ్ళకి పోయి వస్తుంది. పదకొండేళ్ళుగా ఆ స్టీరింగు ముందు కూర్చున్నది ఆమె ఒక్కతే. ఒక్క మందు సీసా పగలలేదు, ఒక్కరోజు దారిలో నిలబడిపోలేదు. ఇలాంటివి రాయడానికి రిజిస్టరులో గీతలుండవు.

మంగళవారం పొద్దున ఆమెని 'తర్వాత సారు' పిలిపించాడు. షెడ్డు అధికారికి ఆ పేరెవరు పెట్టారో గానీ, సరిగ్గా పెట్టారు. ఏది అడిగినా తర్వాత చూద్దామనడం ఆయనకి అలవాటు. కొత్త టైర్లు తర్వాత, పైకప్పు కారడం తర్వాత, ఆడవాళ్ళకి విడిగా బట్టలు మార్చుకునే గది మరీ తర్వాత. ఈ ఒక్క సంగతి మాత్రం ఒక పూట కూడా వాయిదా వెయ్యలేదు. రిజిస్టరు ఆమె వైపు తిప్పి చదువుకోమన్నాడు.

ఆమెకి ముందు నవ్వొచ్చింది. తను చెప్పింది బండి గురించని, నలభై అన్నది వేగమని, రాతలో పొరపాటు దొర్లిందని చెప్పింది. రిజిస్టరులో అలా లేదు కదా అన్నాడు సారు. పక్కనే నిలబడ్డ గుమస్తా, బండి అనే మాట ఆమె నోట రానే లేదని, కావాలంటే గుర్తు చేసుకోమని అన్నాడు. అదీ నిజమే. అక్కడికీ ఊరుకుంటే పోయేది, సారు గొంతు తగ్గించి, ఎంతో దయ తలిచినట్టు, "మీ ఇంట్లో ఆయనకీ ఇదే కదమ్మా. దాచుకోవాల్సిందేం లేదు," అన్నాడు.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ అధికారి ముందు గొంతు లేపితే దాన్నీ జబ్బు కింద రాసుకునే మనుషులు వీళ్ళు. పళ్ళ బిగువున ఊరుకుంది. దున్నపోతు తాళం బల్లమీద పెట్టించుకున్నారు. డాక్టరు కాగితం వచ్చేదాకా తాళాల గదిలో కూర్చోమన్నారు. కాగితం తేడాగా ఉంటే ఇక ఎప్పటికీ ఆ గదే. పదకొండేళ్ళు కొండలెక్కించిన మనిషి, గోడకి కొట్టిన మేకుల మీంచి తాళాలు తీసి మగ డ్రైవర్లకి అందిస్తూ కూర్చోవాలన్నమాట.

ఆమె భర్త దర్జీ. మూడేళ్ళ కిందట ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది, ఆ తర్వాత ఎడమది. బట్టని మిషను మీద రెండు అరచేతులతో అదిమి పెట్టినంతసేపూ చేతులు మాట వింటాయి కాబట్టి కుట్టు మానలేదు. బొత్తాలు కూడా నెమ్మదిగా కుట్టుకుంటాడు. సూదిలో దారం ఎక్కించడం మాత్రం ఆయన వల్ల కాదు. అందుకే రోజూ డ్యూటీకి వెళ్ళేముందు ఆమె పది సూదుల్లో దారాలెక్కించి, సూదుల దిండుకి గుచ్చి, మిషను పక్కన పెట్టి వెళ్తుంది. మూడేళ్ళలో ఆ పని ఒక్కరోజు తప్పలేదు.

సంగతంతా విని ఆయన చేతిలోని బట్ట పక్కన పెట్టాడు. ఆ సూదుల దిండు పట్టుకెళ్ళి సారు బల్లమీద పెట్టమన్నాడు. వణికే చేతులు రోజుకి పది సూదులు ఎక్కిస్తాయేమో అడగమన్నాడు.

"నేనెందుకండీ రుజువులు చూపించడం? దొంగతనం చేశానా?" అంది ఆమె.

ఆయన కాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. "వణుకు నాది. నా సొమ్ము నీకు అంటగట్టడానికి వాళ్ళెవరు?" అన్నాడు. తర్వాత మళ్ళీ, "అయినా వణికితే మాత్రం మనిషి పనికిరాకుండా పోతాడా?" అన్నాడు. ఆఫీసులో ఎవరూ ఆ రెండో ప్రశ్న వేసుకున్నట్టు లేదు.

బుధవారం డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన చేతులు చాపమన్నాడు, వేళ్ళు విప్పమన్నాడు, కాగితం మీద గుండ్రంగా గీయమన్నాడు. గీసింది. చేతులు భేషుగ్గా ఉన్నాయని నోటితో చెప్పి, కాగితం మీద "పరీక్ష సమయంలో వణుకు కనబడలేదు" అని రాశాడు. తర్వాత సారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, పరీక్ష సమయంలో కనబడలేదంటే మిగతా సమయంలో ఉండొచ్చనే కదా అన్నాడు. బుర్రకి ఎంత పదును పెట్టుకుంటే ఇలాంటి ఆలోచన వస్తుంది చెప్పండి. ఆ పదును షెడ్డు పైకప్పు మీద పెట్టినా బాగుండేది.

గురువారం దున్నపోతు మీద మీసాల డ్రైవరుని పంపారు. అతను మంచివాడే. సాయంత్రం తాళం తిరిగి ఇస్తూ, తప్పు చేసినట్టు తల వంచుకుని, "అక్కా, అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకైతే బండి నున్నగా పోయింది. ఎక్కడా అదరలేదు," అన్నాడు. వెటకారం చేసి ఉంటే నాలుగు దులిపేసేది. నిజాయితీగా చెప్పేసరికి తాళం తీసుకుని మేకుకి తగిలించింది. ఆ పూటకే ఆ మాట షెడ్డంతా పాకింది. కొత్త మనిషి చేతిలో వణకని బండి ఆమె చేతిలోనే ఎందుకు వణికినట్టు? మొగుడి జబ్బు పెళ్ళానికి అంటుకుందని టీ దగ్గర ఎవడో అన్నాడట, మిగతావాళ్ళు నవ్వారట. నవ్విన వాళ్ళలో ఆమె దగ్గర స్టీరింగు పట్టడం నేర్చుకున్నవాళ్ళు ఇద్దరున్నారు.

శుక్రవారం పొద్దున నాలుగో సూది దగ్గర దారం తప్పింది. మళ్ళీ ఎక్కించబోతే మళ్ళీ తప్పింది. మూడోసారీ అంతే. ఆమె సూదిని వెలుతురుకి పెట్టి, సూదిని కాదు, దాన్ని పట్టుకున్న వేళ్ళని చూసింది. కదులుతున్నాయా, తను అనుకుంటోందా? వారం కిందటి దాకా ఆ వేళ్ళని అలా చూడాలని ఆమెకి తోచనే లేదు. దర్జీ గమనించాడు. దారం చివర కొరికి, తడిచేసి, ఆమె చేతికిచ్చాడు. అప్పుడెక్కింది. కానీ ఆ రోజు బస్సులో షెడ్డు దాకా ఆమె చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ వెళ్ళింది. మనిషిని వెయ్యిసార్లు పిచ్చిదంటే నిజమేనేమోనని తనకే అనుమానం వస్తుందట, ఇక్కడ నాలుగు రోజులు చాలాయి.

తాళాల గదిలో ఆమెకిచ్చిన స్టూలు పొట్టిది. అవమానానికి అదొకటి. గది బయటి నేలకన్నా పల్లంలో ఉండటంతో, దాని మీద కూర్చుంటే కిటికీ అంచు గడ్డం దగ్గరికొస్తుంది, బయట మనుషుల కాళ్ళే కనిపిస్తాయి. ఆ సాయంత్రం దున్నపోతు వచ్చి సరిగ్గా కిటికీ ఎదుట ఆగింది. పదకొండేళ్ళూ పై నుంచి చూసిన బండిని ఆమె మొదటిసారి ఇంత కిందనుంచి చూసింది. ముందు ఇరుసు వెనకాల, బురద పట్టిన ఇనుము మధ్యలో, నిగనిగలాడుతూ నీలం రంగు గొట్టం ఒకటి కనబడింది.

ఆ గొట్టం ఏమిటో ఆమెకి తెలుసు. కాగితాల్లో స్టీరింగ్ స్టెబిలైజర్ అని రాస్తారు, షెడ్డులో డాంపర్ అంటారు. ఒక కొస ఇరుసుకీ, రెండో కొస స్టీరింగు కడ్డీకీ బిగించి ఉంటుంది. రాయి తగిలి చక్రం విదిలిస్తే, ఆ అదురు డ్రైవరు చేతుల దాకా రాకుండా మధ్యలోనే మింగడం దాని పని. దున్నపోతుది నల్లది, బండితో పాటు వచ్చింది. ఇది నీలం. ఆమె మెల్లగా లేచి నిలబడింది.

షెడ్డు మెకానిక్కు ఆమెకి స్వయానా మరిది. ఆమె కాపురానికొచ్చేనాటికి నిక్కర్లు వేసుకుని తిరిగేవాడు. మామూలుగా అతన్ని పేరు కూడా పెట్టకుండా ఏమయ్యా అంటుంది. గారూ అందంటే కొంప మునిగిందని అతనికి తెలుసు.

"మరిదిగారూ, దున్నపోతుకి ఆ నీలం నగ ఎప్పుడు చేయించారు?"

అతను నీళ్ళు నమిలాడు. చేతులు గుడ్డతో తుడిచిందే తుడిచాడు. చివరికి ఒక్కొక్క మాటే బయటికొచ్చింది. బుధవారం, ఆమె డాక్టరు దగ్గర ఉన్నప్పుడు, సారు వచ్చి, ఎందుకైనా మంచిదని పాత డాంపర్ మార్చెయ్యమన్నాడు. మార్చాడు. మార్చినట్టు రాయమని గుమస్తా దగ్గరికెళ్తే, బండి మీద ఫిర్యాదే లేదు కదా, మరమ్మతు ఏ గీత కింద రాయాలి అన్నాడు గుమస్తా. ఫిర్యాదు డ్రైవరు మీద ఉంది, డ్రైవరుకి డాంపర్ మార్చలేదు కదా అని నవ్వాడు కూడా. గొడవెందుకులే, వదిన మళ్ళీ ఎక్కేనాటికి బండి బాగుంటుంది కదా అని తనూ ఊరుకున్నాడు.

"నీకు తెలుసు," అంది ఆమె. "మూడు రోజులు నేనా స్టూలు మీద కూర్చుంటే, నువ్వు ఆ కిటికీ ముందునుంచే టీకి పోయావు."

అతను తలెత్తలేదు. తిట్టినా బాగుండుననిపించింది అతనికి. ఆమె తిట్టలేదు, ఇంకో ప్రశ్న అడిగింది. డాంపర్ విప్పినప్పుడు స్టీరింగు కడ్డీలు పట్టుకుని ఊపి చూశావా అని. ఊపాడు. ఇరుసుని అడ్డంగా పట్టి ఉంచే కడ్డీ చివర ఉండే రబ్బరు తొడుగు, బుష్ అంటారే, అది అరిగి వదులైపోయిందని, కడ్డీ వేలెడంత ఆడుతోందని ఒప్పుకున్నాడు. అసలు వణుకు పుట్టేది అక్కడ. కొత్త డాంపర్ దాన్ని నొక్కి పెట్టిందంతే. నాలుగు నెలలకి అదీ అలిసిపోతుంది. ఆ రోజు బండి ఏ మలుపులో ఉంటుందో, పక్కన నర్సు ఉంటుందో లేదో ఎవరికి తెలుసు? తప్పు డ్రైవరు చేతుల్లో ఉందని రాసిపెట్టుకున్నాక బుష్ కోసం ఎవడు వెతుకుతాడు?

పాత డాంపర్ బల్ల కింద గుడ్డలో చుట్టి ఉంది. పారెయ్యడానికి మనసొప్పలేదన్నాడు మరిది, అదైనా నయం. ఆమె ఒక కొస నేలకి ఆనించి, రెండో కొస అరచేత్తో నొక్కింది. మంచిదైతే మనిషి బరువంతా వేసినా మొరాయిస్తూ దిగాలి. ఇది అడ్డనేది చెప్పకుండా సర్రున లోపలికి పోయింది. నూనె కారి మణికట్టు మీద పడింది. ఆ నూనె చూసేసరికి పొద్దుటినుంచి గుండెల్లో కూర్చున్న భయం దిగిపోయింది. ఖాళీ అయిన చోట అసలైన కోపం వచ్చి కూర్చుంది.

రేపు ఇది మళ్ళీ బిగించాలంది. కొత్తది విప్పి పాడైంది బిగించే మెకానిక్కుని లోకంలో చూడలేదు వదినా అన్నాడతను. అద్దంలో చూసుకో కనబడతాడంది.

శనివారం బండి బయటికి పోదు. నర్సు మందుల పెట్టెలు సర్దుకోవడానికి వచ్చింది. డ్రైవరమ్మ తిన్నగా సారు గదిలోకి పోయి, ఒక్కసారి మీరే దున్నపోతుని నడిపి చూడండని అడిగింది. తర్వాత చూద్దామన్నాడు. గుమ్మంలో ఉన్న నర్సు లోపలికొచ్చింది. సోమవారం తను ముందు సీట్లో కూర్చున్నానని, డ్యాష్‌బోర్డు పట్టుకున్న తన చేతులు కూడా వణికాయని, పళ్ళు టకటకలాడాయని చెప్పింది. "మరి నాకూ వణుకు జబ్బేనా సార్? నన్నూ డాక్టరు దగ్గరికి పంపండి. అప్పటిదాకా ఆ బండి ఎక్కను," అంది. నర్సు ఎక్కకపోతే సోమవారం మందులు పోవు, మందులు పోకపోతే పై ఆఫీసు నుంచి ఫోనొస్తుంది. సారు కుర్చీలోంచి లేచాడు.

అందరి కళ్ళముందే మరిది బండి కిందికి దూరాడు. నట్టు విప్పి, మొరాయించిన పిన్నుని పక్కనుంచి సుత్తితో రెండు దెబ్బలు వేసి ఊడదీశాడు. నీలం డాంపర్ బయటికొచ్చి, నూనె కారే నల్లది లోపలికెళ్ళింది. ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని దీపం పట్టుకుంది. దీపం వెలుగు ఒక్కచోటే నిలిచి ఉంది. అది గమనించింది మరిది ఒక్కడే.

షెడ్డు వెనక కంకర దారి ఉంది, మధ్యలో కాలవ మీద వేసిన సిమెంటు పలక కాస్త పైకి లేచి ఉంటుంది. సారు స్టీరింగు ముందు ఎక్కి కూర్చున్నాడు, ఆమె పక్క సీట్లో. ముప్ఫైలో పలక దాటితే ఏమీ కాలేదు. ఆయన ఆమెకేసి చూసి నవ్వాడు కూడా. వెనక్కి తిప్పి, ఈసారి నలభై దాటించండి సార్ అంది. దాటించాడు. ముందు చక్రం పలక అంచుని కొట్టింది.

స్టీరింగు ఒక్కసారిగా ఆయన చేతుల్లో పిచ్చెత్తినట్టు అటూ ఇటూ కొట్టుకోవడం మొదలెట్టింది. మణికట్లు, మోచేతులు, భుజాలు, ఆఖరికి కళ్ళజోడు కూడా ఊగిపోయాయి. ఆయన పట్టు వదిలెయ్యబోతుంటే, వదలకండి, మెల్లగా బ్రేకు వెయ్యండి అని ఆమె నెమ్మదిగా చెప్పింది. బండి ఆగింది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. అవి ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

ఆమె అటు చూసి అడిగింది, "సార్, మీకూ నలభై దాటిందా?"

ఆయన దిగేటప్పుడు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని దిగాడు.

మధ్యాహ్నానికి మరిది బుష్ మార్చి, నీలం డాంపర్ మళ్ళీ బిగించాడు. అదే పలక మీదనుంచి అదే వేగంతో ఈసారి ఆమె నడిపింది. పక్కన కూర్చున్న నర్సు ఒళ్ళో మూత లేని సీసాలోంచి చుక్క నీళ్ళు తొణకలేదు. ఇక అయిపోయిందనుకున్నారు అందరూ. సారు గుమస్తాని పిలిచి, సమస్య పరిష్కారమైందని ఒక్క ముక్క రాసి ఆమె సంతకం తీసుకోమన్నాడు. గుమస్తా కలం మూత తీశాడు. ఆమె రిజిస్టరు మీద అరచెయ్యి ఆనించింది.

"ఏం సమస్య, ఎవరిది?" అంది.

సోమవారం గీత అలాగే ఉంటే, పదేళ్ళ తర్వాత ఈ పుస్తకం తిరగేసినవాడు డ్రైవరు చేతులు బాగయ్యాయనే కదా చదువుతాడు? ఆమె ఒక్కొక్క మాటే చెప్పింది: దున్నపోతు డాంపర్ అరిగిపోయింది. బుష్ పాడైంది. వణికింది స్టీరింగు. డ్రైవరు చేతులు వణకలేదు. నలభై అన్నది బండి వేగం. సోమవారం రాసింది తప్పు.

"ఇదంతా గీతలో పట్టదు డ్రైవరమ్మా," అన్నాడు గుమస్తా, ఏడుపు ఒక్కటే తక్కువ.

"రెండో గీతలోకి పోండి."

పోయాడు. పదమూడేళ్ళలో మొదటిసారి పోయాడు, మూడో గీతలోకి కూడా పోయాడు. చివరి చుక్క పెట్టి, రిజిస్టరు ఆమె వైపు తిప్పి కలం అందించాడు. ఆమె కలం పట్టుకుంది. కాగితానికి ఆనించేసరికి కలం మొన కదిలింది. ఐదు రోజులు బిగబట్టిందంతా అప్పుడే ఒక్కసారిగా వేళ్ళలోకి దిగింది. చెయ్యి వణికింది, అందరికీ కనబడేటట్టు వణికింది. గుమస్తా ఆ చేతికేసి చూసి, సారుకేసి చూశాడు.

ఆ చూపు ఆమె చూసింది. చెయ్యి దాచుకోలేదు, రెండో చేత్తో పట్టుకోనూ లేదు. దర్జీ గుర్తొచ్చాడు. వణికితే మాత్రం మనిషి పనికిరాకుండా పోతాడా?

"ఇది కోపం, గుమస్తాగారూ," అంది. "రాసుకోవాలనుంటే రాసుకోండి. కాకపోతే ఎవరి మీదో కూడా రాయండి. గీత చాలకపోతే పేజీ తిప్పండి."

సంతకం వంకరగా వచ్చింది. ఆమె దాన్ని దిద్దలేదు. తాళాల గదిలోకి వెళ్ళి, మేకు మీంచి దున్నపోతు తాళం తనే తీసుకుంది.